తీగ లేని మీట, జేబులో తాళంచెవి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

అభిరుచి కోసం ఎగరేసే చిన్న రాకెట్ల గురించి గత సంచికలో రాసినప్పుడు, వాటిని దూరం నుంచి తీగ లేకుండా ప్రయోగించే కంట్రోలర్ల ప్రస్తావన ఒకే ఒక వాక్యంలో వచ్చింది. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు మిగతా వ్యాసం మొత్తానికీ రాలేదు. కొన్నింటిలో ఉత్సాహం, కొన్నింటిలో భయం, రెండు ఉత్తరాల్లో కోపం కూడా కనిపించాయి. ఈసారి శీర్షికను పూర్తిగా ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా కళాశాల విద్యార్థులు ఒక పోటీ కోసం రాకెట్‌నూ, దాని ప్రయోగ కంట్రోలర్‌నూ తయారు చేస్తున్నారు. ఇంధన మోటారును నిర్వాహకులే తెచ్చి, వారే అమరుస్తారు. మేము కంట్రోలర్‌ను వట్టి నైక్రోమ్ తీగ ముక్కతో పరీక్షించాం. 5 మీటర్ల దూరం నుంచి మీట నొక్కితే నైక్రోమ్ క్షణంలో ఎర్రబడింది. 100 మీటర్ల టెలిఫోన్ తీగ వేసేసరికి చేతికి వెచ్చగా కూడా తగలలేదు. 12 వోల్టుల బ్యాటరీ కొత్తదే. వైర్‌లెస్‌కు మారడం ఒక్కటే మార్గమా?
– భౌతికశాస్త్ర అధ్యాపకుడు, మిర్యాలగూడ

జవాబు: మీ బ్యాటరీకి ఏ రోగమూ లేదు. టెలిఫోన్ తీగలోని రాగి అర మిల్లీమీటరు మందమే ఉంటుంది గనుక అది మీటరుకు దాదాపు 0.088 ఓం నిరోధం చూపుతుంది. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి కాబట్టి 100 మీటర్ల దూరమంటే 200 మీటర్ల రాగి, అంటే 17.5 ఓంలు. మీ నైక్రోమ్ ముక్క నిరోధం ఒక ఓం అనుకుంటే దానికి అందేది 0.65 ఆంపియర్లు మాత్రమే. అదే 5 మీటర్ల దూరానికైతే 6.4 ఆంపియర్లు అందుతాయి. వేడి కరెంటు వర్గాన్ని బట్టి మారుతుందని మీరే తరగతిలో చెబుతారు కనుక, రెండో ప్రయోగంలో నైక్రోమ్‌కు చేరిన వేడి మొదటిదానిలో సుమారు నూరో వంతని లెక్క వేయడం మీకు కష్టం కాదు. బోరుకు సన్నని తీగ లాగించి, మోటారు మూలుగుతోందని మెకానిక్‌ను పిలిచే రైతు ఇబ్బంది కూడా ఇదే.

వైర్‌లెస్‌కు వెళ్లేముందు ఒక పాత పద్ధతి చూడండి. బ్యాటరీని మీ దగ్గర కాకుండా రాకెట్ ప్యాడ్ దగ్గర పెట్టి, అక్కడే ఒక రిలేను, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, తెంచే స్విచ్‌ను అమర్చండి. అప్పుడు మీ 100 మీటర్ల తీగ రిలే చుట్టను మేల్కొలిపితే చాలు, నైక్రోమ్‌ను వేడిచేయాల్సిన పని దానికి ఉండదు. బజారులో దొరికే చిన్న 12 వోల్టుల రిలే చుట్టకు దాదాపు 400 ఓంల నిరోధం ఉండి 30 మిల్లీఆంపియర్లు సరిపోతాయి. 400 ఓంల పక్కన 17.5 ఓంలు ఏ మూలకు? మీరు పనికిరాదనుకున్న టెలిఫోన్ తీగే ఇక్కడ చక్కగా పనిచేస్తుంది.

వైర్‌లెస్ కంట్రోలర్ చేసేది ఆ సన్నని తీగను తీసేసి, దాని స్థానంలో రేడియోను పెట్టడమే. బ్యాటరీ, రిలే, ఇగ్నైటర్‌కు (మోటారులోని మందును వెలిగించే చిన్న తీగ) వెళ్లే పొట్టి లావు తీగలు ప్యాడ్ దగ్గర ఎప్పటిలాగే ఉంటాయి. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, వైర్‌లెస్ అనగానే చాలామంది ట్రాన్స్‌మిటర్ మీద శ్రద్ధ పెట్టి ప్యాడ్ పెట్టెను గాలికి వదిలేస్తారు. ప్రమాదం జరిగితే అది ప్యాడ్ పెట్టెలోనే మొదలవుతుంది.

మీకు నిజంగా ఎంత దూరం కావాలో కూడా ఆలోచించండి. అమెరికాలో 1957 నుంచి పనిచేస్తున్న నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ వారి భద్రతా నియమావళి ప్రకారం డి తరగతి వరకు ఉన్న చిన్న మోటార్లకు 15 అడుగులు, అంతకంటే పెద్ద మోడల్ రాకెట్లకు 30 అడుగుల దూరం చాలు. మోటారు శక్తిని ఏ, బి, సి అంటూ అక్షరాలతో సూచిస్తారు, ఒక్కో అక్షరానికీ శక్తి గరిష్ఠ పరిమితి రెట్టింపవుతుంది. ఐ, జె తరగతులకు వచ్చేసరికి దూరం 100 అడుగులు, ఎల్ తరగతికి 300, ఎం తరగతికి 500 అడుగులు. పెద్ద రాకెట్లకు రేడియో సౌకర్యమే కానీ, 15 అడుగుల దూరానికి రేడియో పెట్టడం నా దృష్టిలో ఆడంబరమే. మీ పిల్లలది చిన్న మోటారైతే మంచి తీగ కొనివ్వండి.

పరీక్షలకు నైక్రోమ్ బదులు వాహనాల ఇండికేటర్‌లో వాడే 12 వోల్టుల, 21 వాట్ల బల్బు పెట్టుకోండి. అది వెలిగేటప్పుడు 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది. కంట్రోలర్ ఎప్పుడు పనిచేసిందో, పనిచేయకూడనప్పుడు ఎన్నిసార్లు పనిచేసిందో మైదానంలో అందరికీ కనిపిస్తుంది.

ప్రశ్న: ఆర్డినో బోర్డు (ప్రోగ్రాం రాసి నడిపించే చిన్న సర్క్యూట్ బోర్డు), రిలే మాడ్యూల్, లోరా రేడియోలతో (తక్కువ శక్తితో ఎక్కువ దూరం సందేశం పంపేవి) నేను రిసీవర్ తయారు చేశాను. స్విచ్ వేసిన ప్రతిసారీ, నేను ఏ ఆదేశమూ పంపకముందే రిలే ఒకసారి టక్కుమంటోంది. తర్వాత అంతా బాగానే ఉంది. ఆ ఒక్క టక్కును పట్టించుకోవాలా?
– ఇంటర్మీడియట్ విద్యార్థి, నాగర్‌కర్నూల్

జవాబు: ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో అన్నింటికంటే ముఖ్యమైనది మీది. ఆ టక్కు వినిపించిన క్షణంలో రాకెట్ తగిలించి ఉంటే, దాని మీదకు వంగి తీగలు సరిచేస్తున్నది మీరే అయ్యుండేవారు.

కారణం ఇది. చవకగా దొరికే రిలే మాడ్యూళ్లలో ఎక్కువ భాగం తలకిందుల రకం, అంటే కాలికి (పిన్‌కు) సున్నా వోల్టులు అందితే రిలే పడుతుంది, అంటే ఆన్ అవుతుంది, అయిదు వోల్టులు అందితే వదులుతుంది. ఆర్డినోలో ఒక కాలును అవుట్‌పుట్‌గా ప్రకటించగానే అది సున్నా దగ్గర మొదలవుతుంది. తర్వాతి వరుసలో మీరు దాన్ని అయిదు వోల్టుల పైస్థితికి ఎత్తేలోగా రిలే ఆన్ అయిపోతుంది. కాలును ముందు పైస్థితిలో ఉంచి, ఆ తర్వాతే అవుట్‌పుట్‌గా ప్రకటిస్తే ఈ టక్కు పోతుంది. అంతకంటే మేలైన పని, పైస్థితి అందితేనే పడే రిలేను తీసుకుని, ఆ కాలును ఒక నిరోధకంతో నేలకు (సున్నా వోల్టుల గ్రౌండ్ తీగకు) కట్టివేయడం. అప్పుడు ప్రోగ్రాం ఇంకా మొదలవకపోయినా, కాలి తీగ ఊడిపోయినా రిలే పడదు.

కానీ ప్రోగ్రాం సరిచేసి సంతృప్తి పడవద్దు. ప్యాడ్ దగ్గర మనిషి ఉన్నప్పుడు అతని ప్రాణం మీరు రాసిన ప్రోగ్రాం మీద ఆధారపడకూడదు. మన ఊళ్లలో లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు ఏం చేస్తాడో గమనించే ఉంటారు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ ఆపించుకున్నాక కూడా, తెలివైనవాడు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు పీకి తన జేబులో వేసుకుంటాడు. ఫోన్‌లో చెప్పిన మాట మీద అతనికి నమ్మకం లేదని కాదు, ఫ్యూజు తన జేబులో ఉన్నంతసేపు ఇంకెవరి పొరపాటూ తనను తాకదని అతనికి తెలుసు. ప్యాడ్ పెట్టెకు కూడా అలాంటి తాళం ఉండాలి. ఇగ్నైటర్‌కు వెళ్లే లావు తీగను నేరుగా తెంచే తాళంచెవి స్విచ్ ఒకటి పెట్టండి. అది ప్రోగ్రాంకు సంకేతం పంపే మీట అయితే సరిపోదు, కరెంటు దారినే విరగ్గొట్టాలి. రాకెట్ దగ్గరకు వెళ్లేవారి జేబులోనే ఆ చెవి ఉండాలి. మీట దగ్గర కూర్చున్న వ్యక్తి చేతిలో ఇంకో చెవి, వదిలితే తనంతట వెనక్కి వచ్చే మీట ఉండాలి. ఈ రెండో భాగం పైన చెప్పిన నియమావళిలో కూడా ఉంది.

ఒక రిలేను నమ్మవద్దు. ఎక్కువ కరెంటు తెంచి తెంచి రిలే కొసలు ఒక్కోసారి అతుక్కుపోతాయి, అప్పుడు చుట్టలో కరెంటు లేకపోయినా ఇగ్నైటర్‌కు కరెంటు దారి కలిసే ఉంటుంది. వరుసగా రెండు రిలేలు పెట్టి, రెండింటినీ వేర్వేరు కాళ్లతో నడిపించండి. తాళంచెవి తిప్పి దారి కలపకముందే, ఆ రిలేల అవతల వోల్టేజి ఉందేమో చూసి, ఉంటే బజర్‌ను ఆగకుండా మోగించే చిన్న ఏర్పాటు చేస్తే, అతుక్కున్న రిలే తన గుట్టు తానే బయట పెట్టుకుంటుంది.

ఇగ్నైటర్‌కు ఇచ్చే బ్యాటరీ, బోర్డును నడిపే బ్యాటరీ వేరుగా ఉండాలి. ఇగ్నైటర్ ఒక్కసారిగా పెద్ద కరెంటు లాగినప్పుడు వోల్టేజి కుంగి, బోర్డు మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. అలా లేచేటప్పుడు వచ్చేది మీకు ఇప్పటికే తెలిసిన ఆ టక్కే.

ఇక రేడియో సందేశం సంగతి. మీరు పంపిన ప్రోగ్రాంలో మీట ఒకసారి నొక్కగానే ‘పేల్చు’ అనే మాట వెళుతోంది, రిసీవర్ దాన్ని గుర్తుపెట్టుకుని పనిచేస్తోంది. గుర్తుపెట్టుకోవడమే తప్పు. మన బోరు బావులకు ఉండే ఆటో స్టార్టర్‌ను తలచుకోండి. కరెంటు పోయి వచ్చినప్పుడు ఎవరూ మీట నొక్కకుండానే మోటారు లేస్తుంది, ఆ సమయంలో ఎవరైనా పంపు విప్పుతూ ఉంటే వారి గతి ఏమిటి? 2018 జనవరి 1 నుంచి మన తెలంగాణలో సేద్యానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను కోరారు. అక్కడ చెప్పిన కారణం భూగర్భ జలం, కానీ ఆ యంత్రం స్వభావం మనకు ఇక్కడ కూడా పాఠమే. మీ రిసీవర్ ఆటో స్టార్టర్ కాకూడదు. మీట నొక్కి ఉంచినంతసేపు ట్రాన్స్‌మిటర్ సెకనుకు అయిదారు సార్లు సందేశం పంపుతూ ఉండాలి. ప్రతి సందేశానికీ ఒక వరుస సంఖ్య ఉండాలి, పాత సంఖ్యతో వచ్చిన సందేశాన్ని రిసీవర్ తోసిపుచ్చాలి. ఒక సెకను పాటు ఏమీ వినపడకపోతే, అంతకుముందు సిద్ధస్థితి ఎంత దూరం వచ్చినా రిసీవర్ అంతా మరిచిపోయి మొదటికి రావాలి. లోరాలో వ్యాప్తి సంఖ్యను (స్ప్రెడింగ్ ఫ్యాక్టర్, సందేశం ఎంత నిదానంగా వెళ్లాలో చెప్పే అమరిక) 12 పెడితే దూరం పెరుగుతుంది కానీ, 20 బైట్ల సందేశం ఒక్కటి పోవడానికే సెకను దాటుతుంది. 7 పెడితే సెకనులో ఇరవయ్యో వంతు కంటే కొద్దిగా ఎక్కువ పడుతుంది. మైదానంలో అర కిలోమీటరుకు 7 చాలు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో 915 మెగాహెర్ట్జ్ లోరా మాడ్యూళ్లు రెండు కొన్నాను. నా మిత్రుడు 433 మెగాహెర్ట్జ్ రిమోట్ చాలంటున్నాడు. మన దేశంలో ఏది వాడాలి?
– పాలిటెక్నిక్ విద్యార్థి, వనపర్తి

జవాబు: మీ ఇద్దరి మాటా ఒప్పుకోలేను. 915 మెగాహెర్ట్జ్ అమెరికాలో అందరికీ వదిలిన పట్టీలో ఉంది. మన దేశంలో 890 నుంచి 915 వరకు ఉన్న భాగంలో మొబైల్ ఫోన్లు టవర్లతో మాట్లాడతాయి. అక్కడ మీకు చోటు లేదు. లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2005లో కేంద్రం 865–867 మెగాహెర్ట్జ్ పట్టీని తెరిచింది. ట్రాన్స్‌మిటర్ శక్తి ఒక వాట్, యాంటెనాతో కలిపి వెలువడే శక్తి 4 వాట్లు, సందేశం వెడల్పు 200 కిలోహెర్ట్జ్ మించకూడదు. లోరా సాధారణంగా వాడే 125 కిలోహెర్ట్జ్ వెడల్పు అందులో హాయిగా ఇముడుతుంది. 868 కోసం అమ్మే మాడ్యూల్ తీసుకుని, ప్రోగ్రాంలో 866 అని మార్చుకోండి. నమూనా ప్రోగ్రాంలలో ఐరోపా వారి సంఖ్యో, అమెరికా వారి సంఖ్యో ఉంటుంది, దాన్ని మార్చకుండా వాడేవారే ఎక్కువ.

మీ మిత్రుడు చెప్పిన 433 రిమోట్‌తో నాకు ఒక అనుభవం ఉంది. కొన్నేళ్ల కిందట ఒక ఊరి మైదానంలో పిల్లలకు ప్రయోగం చూపించడానికి అలాంటి రిమోట్ జత వాడాను. అదృష్టవశాత్తు ప్యాడ్ మీద రాకెట్ లేదు, బల్బు మాత్రమే ఉంది. రోడ్డు అవతల ఒక ఇంటి గేటు తెరుచుకున్న ప్రతిసారీ నా బల్బు వెలిగింది. తర్వాత పెట్టె విప్పి చూస్తే సంగతి తెలిసింది. ఆ రకం చిప్పులో చిరునామా కాళ్లు ఎనిమిది, ఒక్కోదానికి మూడు స్థితులు, మొత్తం 6,561 చిరునామాలు పెట్టుకోవచ్చు. నేనూ, ఆ గేటు అమర్చినవారూ కాళ్లను కర్మాగారం నుంచి వచ్చినట్టే వదిలేశాం, కనుక ఇద్దరి చిరునామా ఒకటే. చిరునామా మార్చినా ఆ రిమోట్ ఎప్పుడూ ఒకే సంకేతం పంపుతుంది, విన్నవారెవరైనా దాన్ని తిరిగి పంపగలరు. ఫ్యానుకూ గేటుకూ అది చాలు. రాకెట్‌కు వద్దు.

యాంటెనా లేకుండా ట్రాన్స్‌మిటర్‌ను ఎప్పుడూ ఆన్ చేయవద్దు, మాడ్యూల్ చెడిపోవచ్చు. ప్యాడ్ పెట్టెను నేల మీద పెట్టకుండా కనీసం నడుము ఎత్తు కర్రకు కట్టండి. నేల మీద పెట్టి, రేంజి రావడం లేదని శక్తి పెంచుకుంటూ పోవడం మన కుర్రవాళ్లకు అలవాటైంది.

ప్రశ్న: బోరు మోటారును మొబైల్ స్టార్టర్‌తో ఇంటి నుంచి ఆన్ చేస్తున్నాం. రాకెట్‌కు కూడా సిమ్ కార్డు పెట్టో, ఫోన్‌లో బ్లూటూత్ యాప్‌తోనో ప్రయోగించవచ్చు కదా?
– సూర్యాపేట

జవాబు: మోటారు పది నిమిషాలు ఆలస్యంగా లేచినా మడి తడుస్తుంది. సిమ్‌కు పంపిన సందేశం కూడా అలాగే ఎప్పుడో చేరవచ్చు, మీరు విసిగి ప్యాడ్ దగ్గరకు నడిచి వెళ్లిన తర్వాత చేరవచ్చు. బ్లూటూత్ ఆలస్యం చేయదు, కానీ ఫోన్ తెర మీది బొమ్మ మీట కాదు. వేలికి అది నొక్కుకున్నట్టు తెలియదు, తీసి జేబులో వేసుకునే తాళమూ ఉండదు, సరిగ్గా లెక్కపెట్టే సమయానికి పెళ్లి పిలుపు ఫోనూ రావచ్చు. బ్యాటరీ వోల్టేజి, రేడియో సిగ్నల్ బలం చూసుకోవడానికి ఫోన్ వాడండి. మీటగా వాడవద్దు.

ప్రశ్న: పదో తరగతి చదివే మా అబ్బాయి వీడియోలు చూసి రాకెట్ మందు ఇంట్లో కలుపుతానంటున్నాడు. రిమోట్ మీట తయారు చేశాడు కాబట్టి దూరంగా ఉంటాను, ప్రమాదం లేదంటున్నాడు. చదువులో చురుకైనవాడు. వద్దంటే మానుకుంటాడా, దొంగచాటుగా చేస్తాడా అని భయంగా ఉంది.
– ఒక తల్లి, దేవరకొండ

జవాబు: అమ్మా, మీ భయం న్యాయమైనది, మీ అబ్బాయి తర్కంలో ఒక రంధ్రం ఉంది. రిమోట్ మీట మందు వెలిగించే క్షణంలో మాత్రమే అతన్ని దూరంగా ఉంచుతుంది. మందు నూరేటప్పుడు, కలిపేటప్పుడు, గొట్టంలో కూరేటప్పుడు, దాచేటప్పుడు అతను దాని పక్కనే, చాలావరకు ముఖం దాని మీదకు వంచి ఉంటాడు. వేళ్లు, కళ్లు పోయేది ఆ పనుల్లోనే. మోడల్ రాకెట్ల అభిరుచి పుట్టిందే ఈ కారణంగా. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్ 1954లో, మందు ముందే కూరి మూసిన, పిల్లలు తాకనవసరం లేని చిన్న మోటారుతో రాకెట్ తయారు చేశాడు. మరో మూడేళ్లకు హ్యారీ స్టైన్ అనే ఇంజినీరు అతనితో కలిసి ఆ పద్ధతిని దేశమంతా ప్రచారం చేశాడు. అప్పటికి అక్కడి కుర్రవాళ్లు ఇళ్లలో మందు కలిపి గాయాల పాలవుతూ ఉన్నారు.

మన దేశంలో చట్టం సంగతి కూడా అబ్బాయికి చెప్పండి. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, దాని కింద వచ్చిన 2008 నియమాల ప్రకారం ఇలాంటి మందు తయారు చేయడానికి లైసెన్సు ఉండాలి. నాగపూర్ ప్రధాన కేంద్రంగా ఉన్న పెసో, అంటే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతను చూసే కేంద్ర సంస్థ, దీన్ని చూస్తుంది. క్లోరేట్‌తో గంధకం కలిపిన మిశ్రమాలను 1992లోనే పూర్తిగా నిషేధించారు, లైసెన్సున్న బాణసంచా తయారీదారులకు కూడా ఆ మిశ్రమం నిషిద్ధమే. ఇంట్లో కలిపిన మందుకు సురక్షితమైన పరిమాణం, సురక్షితమైన పద్ధతి అంటూ నేను ఏదీ చెప్పను, ఎవరైనా చెబితే వినవద్దు.

వద్దని మాత్రం అనకండి. అతను రిమోట్ మీట తయారు చేశాడంటే, నా లెక్కలో అసలు పని అతనికి వచ్చినట్టే. దాన్ని మందు లేకుండా, గాలి ఒత్తిడితో నీటిని తోసి ఎగిరే నీటి రాకెట్‌కు అమర్చమనండి. ఎలాగన్నది కింద గద్వాల ఉపాధ్యాయుడికి చెప్పిన జవాబులో ఉంది. హైదరాబాదులో పుట్టిన స్కైరూట్ సంస్థ 2022 నవంబరు 18న విక్రమ్-ఎస్ రాకెట్‌ను శ్రీహరికోట నుంచి పంపించింది. ఆ దారి మన అబ్బాయిలకు బస్సెక్కి వెళ్లేంత దగ్గరలో ఉంది, దానికి పది వేళ్లూ అవసరం.

ప్రశ్న: మా పాఠశాలలో శీతల పానీయం సీసాలతో నీటి రాకెట్లు ఎగరేస్తున్నాం. తాడు లాగే పిల్లవాడు ప్రతిసారీ తడుస్తున్నాడు, ఒకసారి సీసా అతని వైపే వంగింది. ప్రయోగాన్ని రిమోట్‌తో చేయవచ్చా?
– ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, గద్వాల

జవాబు: చేయవచ్చు, ఈ విద్యను పిల్లలకు నేర్పడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. మందు లేదు, లైసెన్సు లేదు, కానీ కంట్రోలర్‌కు కావలసిన క్రమశిక్షణ మొత్తం ఉంది.

సీసా మెడను పట్టి ఉంచడానికి మీరు వాడుతున్నది, మీ బొమ్మను బట్టి, పీవీసీ గొట్టం చుట్టూ నిలబెట్టిన ప్లాస్టిక్ కట్టు పట్టీలూ, వాటిని బిగించి ఉంచే జారుడు గొట్టమూ. తాడు ఆ జారుడు గొట్టాన్ని కిందికి లాగుతుంది. తాడు చివర పిల్లవాడి బదులు కారు తలుపుల సెంట్రల్ లాక్‌లో ఉండే 12 వోల్టుల మోటారు పెట్టండి, పాత కార్ల మెకానిక్ దగ్గర చవకగా దొరుకుతుంది. గొట్టం బిగుతుగా ఉంటే ఈ మోటారు లాగలేదు కాబట్టి, ముందు స్ప్రింగు త్రాసుతో లాగి ఎంత బలం కావాలో కొలవండి. సీసా మెడ లోపలి వ్యాసం దాదాపు 22 మిల్లీమీటర్లు. 4 బార్ల ఒత్తిడి దగ్గర సీసా పైకి తోసే బలం సుమారు 15 కిలోల బరువుకు సమానం. ఆ తోపుడును పట్టీల తలలు మోస్తాయి, జారుడు గొట్టానికి రాపిడి మాత్రమే మిగులుతుంది. గొట్టం లోపల కొంచెం సబ్బు రాస్తే పని సగం తగ్గుతుంది.

ఎగరేసేటప్పుడు 4 బార్లు దాటవద్దు, సైకిలు పంపు మీద అది దాదాపు 58 పీఎస్‌ఐ. గీతలు పడిన సీసా, ఎండలో ఆరిన సీసా, నలిగి సరిచేసిన సీసా వాడవద్దు. కొత్త సీసాను నిండా నీళ్లతో నింపి 5 బార్ల వరకు ఒకసారి పరీక్షించండి. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు పగిలినా నీళ్లు కారుతాయి తప్ప ముక్కలు ఎగరవు. ఎగరేసేటప్పుడు మూడో వంతు నీళ్లు చాలు.

రాకెట్ మందుకూ గాలికీ ఒక తేడా ఉంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. ఇగ్నైటర్ వెలగకపోతే ప్యాడ్ మీద ఉన్నది వెలగని మందు. నీటి రాకెట్ విడుదల కాకపోతే ప్యాడ్ మీద ఉన్నది ఒత్తిడితో నిండిన సీసా, చూడడానికి ఖాళీ సీసాలాగే అమాయకంగా ఉంటుంది. అందువల్ల విడుదల మోటారుతో పాటు గాలి వదిలే దారి కూడా తప్పనిసరి. నీటి శుద్ధి యంత్రాల్లో ఉండే సోలినాయిడ్ వాల్వులు కరెంటు ఉంటేనే తెరుచుకునే రకం, బ్యాటరీ అయిపోతే గాలి లోపలే చిక్కుతుంది. కరెంటు పోతే తెరుచుకునే రకం దొరికితే అదే తీసుకోండి. దొరకకపోతే పంపు గొట్టానికి ఒక మామూలు బాల్ వాల్వు పెట్టి, దాని పిడికి పది మీటర్ల తాడు కట్టండి. రేడియో కంట్రోలర్‌కు తాడు సహాయమా అని పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి.

బ్యాటరీ తగిలించేటప్పుడు మోటారు ఒకసారి ఉలిక్కిపడవచ్చు. జారుడు గొట్టానికి అడ్డంగా ఒక ఇనుప మేకు దూర్చి, దానికి ఎర్ర గుడ్డ పేలిక కట్టండి. బ్యాటరీ తగిలించడం ముందు, గాలి కొట్టడం తర్వాత, మేకు తీయడం అన్నింటికంటే చివర. మేకు తీసేది పొడవాటి దారంతో, పక్కన నిలబడి కాదు.

ప్రశ్న: మీట నొక్కినా రాకెట్ కదలకపోతే ఎంతసేపు ఆగాలి? మా చెలకలో ప్రయోగం చేయవచ్చా?
– కల్వకుర్తి

జవాబు: ముందు మీ చేతిలోని మీట పెట్టె నుంచి తాళంచెవి బయటికి తీయండి, తర్వాత 60 సెకన్లు గడియారం చూసి ఆగండి, ఆ తర్వాత ఒక్కరే వెళ్లి, తీగలు ముట్టుకోకముందే ప్యాడ్ పెట్టె స్విచ్ ఆపి, దాని తాళంచెవి తీసి జేబులో వేసుకోండి. ఇగ్నైటర్ తగిలి ఉందో లేదో చూపే దీపానికి పోయే కరెంటు కూడా అతి తక్కువగా ఉండాలి. చిన్న కరెంటుకే వెలిగే సున్నితమైన ఇగ్నైటర్లు ఉన్నాయి, వాటికి పాత పద్ధతి బల్బుతో పరీక్ష చేస్తే ఆ పరీక్షే ప్రయోగమవుతుంది.

చెలకలో పత్తి కట్టె, వరి మడిలో కొయ్యకాళ్లు ఉన్న నెలల్లో మందు రాకెట్ వద్దు. ప్యాడ్ చుట్టూ మట్టి కనిపించేదాకా చెక్కి, నీళ్లు చల్లి, బిందెతో నీళ్లు పక్కన పెట్టుకోండి. గాలి గంటకు 32 కిలోమీటర్లు దాటితే ఆ రోజు మానుకోండి. పొలం మీదుగా 11 కేవీ లైను పోతుంటే వేరే చోటు చూసుకోండి. పారాచూట్ ఆ తీగల మీద చిక్కితే కర్రతో తీయబోవద్దు, రాకెట్‌ను అక్కడే వదిలేసి లైన్‌మన్‌కు చెప్పండి. పంచాయతీకీ, ఠాణాకూ ముందే తెలియజేయడం మంచిది, లేకపోతే చప్పుడు విన్నవారు వేరే తెలియజేస్తారు.

సవరణ: గత సంచికలో పావు తరంగ యాంటెనా పొడవు 17.3 సెంటీమీటర్లని అచ్చయింది. అది 433 మెగాహెర్ట్జ్‌కు వర్తిస్తుంది. 866 మెగాహెర్ట్జ్‌కు 8.7 సెంటీమీటర్లు ఉండాలి. తీగ కత్తిరించే ముందు మరోసారి కొలుచుకోమని ఆ సంచిక చూసి పని మొదలుపెట్టిన పాఠకులను కోరుతున్నాను.